బంతి వెనక అంచు

సెప్టెంబరు 4

తాపీమేస్త్రికి ఫోన్ చేసి నాలుగు దులిపాను. బాత్రూములో టైల్స్ మధ్య గీతలు పాములు పాకినట్టున్నాయి. పని అయిన రోజున మీరే చూసి బాగుందన్నారు కదా సార్ అంటాడు. ఆ రోజు లైటు సరిగ్గా లేదు. ఇన్నేళ్ళు సర్వేయరుగా చేసినవాణ్ణి, వంకరేదో తిన్నదేదో నాకు తెలీదా? మా బావమరిది వచ్చి చూసి, "నిక్షేపంలా ఉన్నాయి కదా బావా" అన్నాడు. వాడికి అన్నీ నిక్షేపమే. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి కాసేపు టైల్స్ వైపు, కాసేపు నా వైపు చూసింది. "అవునండీ, కొంచెం వంకరే" అంది. ఇంట్లో ఇంకొకరికైనా కళ్ళున్నాయి, సంతోషం.

సెప్టెంబరు 7

భోజనాల దగ్గర బావమరిది మళ్ళీ అదే పాట. గోల్ఫులో గ్రీన్ మీద, అంటే గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, బంతిని గుంటలోకి దొర్లించేటప్పుడు కళ్ళు గుంట మీద ఉండాలట, బంతి మీద కాదట. ఫోన్లో ఎవడో చెప్పాడట. కాయని రాయి పెట్టి కొట్టేటప్పుడు కాయని చూస్తామా, చేతిలో రాయిని చూస్తామా అని నన్నే అడుగుతాడు. జిమ్ములో బరువులెత్తించే వీడు కూడా గోల్ఫుకి గురువే.

రాయి చేతిలో ఉంటుంది, బంతి నేల మీద ఉంటుంది అన్నాను. చూపు బంతి వెనక అంచు మీద ఉండాలి. పటర్ కర్ర తగిలే చోట. బంతి వెళ్ళిపోయాక కూడా ఆ ఖాళీ జాగానే చూస్తూ ఉండాలి. తల లేస్తే భుజం లేస్తుంది, భుజం లేస్తే బంతి పక్కకి పోతుంది. ఇందులో వాదించడానికి ఏముంది? వాడు అక్కని మధ్యవర్తిత్వానికి పిలిచాడు. ఆవిడ కంచంలోంచి తల ఎత్తకుండా, "నాకేం తెలుసురా, ఆయన చూడమన్న చోట చూస్తాను" అంది.

అది నిజం. నేను ఆవిడ గోల్ఫు బ్యాగు అందుకోక ముందు, పోటీల్లో ఆవిడే నేల వాలు చూసుకునేది. బంతి పోవాల్సిన దారి ఒకటి వెతికితే రెండు లైన్లు కనిపించేవి. ఇటా అటా అని తేల్చుకోలేక, పటర్ వెనక్కి తీసేసరికి చెయ్యి వణికేది. ఒక ఏడాది ఆటే మానేస్తానంది. అప్పుడు నేను ఉద్యోగం వదిలేసి బ్యాగు భుజానికెత్తుకున్నాను. అందరూ నవ్వారు, పెళ్ళాం సామాను మోస్తున్నాడని. నవ్వనీ. బంతి వెనక గొంతుక్కూచుని వాలు చూసేది నేను. బంతికి జానెడు ముందు ఒక గుర్తు చెబుతాను, ఏ ఎండిన గడ్డిపరకో, రంగు మారిన చోటో. ఆవిడ ఆ గుర్తు చూస్తుంది, తర్వాత బంతి వెనక అంచు చూస్తుంది, కొడుతుంది. వాలు వైపు కన్నెత్తి చూడదు. "చూపు మీది, చెయ్యి నాది" అని తనే పెట్టిన రూలు. ఎనిమిదేళ్ళుగా ఆ చెయ్యి వణకలేదు.

సెప్టెంబరు 12

ఆట బాగా సాగింది. ఒక్కటే చిరాకు. గుంటలోంచి జెండా తియ్యడం నా పని. ఈమధ్య ఆవిడే గబగబా వెళ్ళి తీస్తోంది. తీసి ఊరుకోదు. గుంట అవతలికి వెళ్ళి బంతులు పడి నేల నొక్కుకుపోయిన చోట్లు సరిచేస్తానంటుంది, అటువైపు నిలబడి మంచినీళ్ళు తాగుతుంది. అడిగితే, కాళ్ళు పట్టేస్తున్నాయండీ, నాలుగడుగులు నడిస్తే హాయిగా ఉంటుంది అంది. కాళ్ళు పట్టేసినవాళ్ళు కూచుంటారు.

ఎనిమిదో గ్రీన్ మీద నాకే కాస్త అనుమానంగా ఉండింది. ఎండ కళ్ళలో పడుతోంది. ఎడమ అంచు అన్నాను. పడింది. అనుమానం వచ్చినా అంచనా తప్పలేదు.

సెప్టెంబరు 13

కళ్ళజోడు మార్పించుకోవాలి.

సెప్టెంబరు 19

కళ్ళజోళ్ళ షాపులో ఎన్ని అద్దాలు మార్చినా కుదరలేదు. షాపాయన ఒక్కో కన్నూ మూయించి, ఎదురుగా ఉన్న తలుపుచట్రం చూడమన్నాడు. ఎడమ కంటికి చట్రం తిన్నగా ఉంది. కుడి కంటికి మధ్యలో ఉబ్బి ఉంది. చెక్క చెమ్మ పట్టి ఉంటుందన్నాను. ఆయన నవ్వలేదు. ఇది అద్దాలతో పోయేది కాదు సార్, డాక్టరుకి చూపించండి అన్నాడు. ఇంటికొచ్చాక ఆవిడ అడిగితే షాపు మూసేసి ఉందని చెప్పాను.

సెప్టెంబరు 20

డాక్టరు దగ్గరికి వెళ్ళలేదు. వాన.

సెప్టెంబరు 26

వెళ్ళాను. ఎవరికీ చెప్పకుండా.

డాక్టరమ్మది చిన్న వయసు. గళ్ళ కాగితం ఒకటి నా ముందు పెట్టి, ఎడమ కన్ను మూసుకుని మధ్యలో చుక్క చూడమంది. గళ్ళు ఎలా ఉన్నాయంటే కొంచెం వంగాయన్నాను. కొంచెమంటే ఎంత అంది. పారే నీళ్ళ అడుగున గళ్ళ గుడ్డ పరిచినట్టుంది, అది చెప్పాను. కంటి వెనక పొర కింద నీరు చేరిందట. కంట్లోనే ఇంజక్షను ఇస్తారట, నెలకొకటి, కొన్ని నెలలు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మిగులుతుందట. అయినా కొంత వంకర ఉండిపోవచ్చట.

నవంబరులో పెట్టుకోవచ్చా అని అడిగాను. "మీ ఇష్టం. కన్ను కూడా మీదే" అంది. నోరు జాస్తి.

నవంబరు ఎందుకన్నానంటే, అక్టోబరు ఆఖర్లో ఈ ఏటి చివరి పోటీ. పట్టికలో మొదటి అరవైమందికే వచ్చే ఏడాది ఆడే కార్డు. ఆవిడ అరవై రెండులో ఉంది. జారిపోతే మళ్ళీ అర్హత పోటీలకి వెళ్ళి, నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలతో మొదట్నుంచీ ఆడుకుంటూ రావాలి. ఈ వయసులో ఇక వెళ్ళనని తనే చెప్పింది. అంటే ఆట ఆఖరన్నమాటే. ఇంజక్షను చేయించుకుంటే కొన్నాళ్ళు ఎండా దుమ్మూ కూడదు, బ్యాగు బావమరిదికి ఇవ్వాలి. బ్యాగు మోసేవాడొక్కడే జనాన్ని ఆపే తాడు లోపల ఉంటాడు, ఆటగాడికి సలహా చెప్పే హక్కు వాడొక్కడిదే. ఇంకెవర్నైనా అడిగితే శిక్ష. నేను తాడు బయట జనంలో నిలబడి చూస్తుంటే, వాడు లోపల గుంట వైపు చూడక్కా అని చెప్పడమా? జరిగే పని కాదు.

ఆవిడకి చెప్పలేదు. చెబితే కంగారుపడుతుంది, కంగారుపడితే చెయ్యి వణుకుతుంది. కాబట్టి చెప్పకపోవడం ఆవిడ మంచికే. ఎడమ కన్ను ఉండనే ఉంది.

సెప్టెంబరు 28

ఎడమ కంటితో లైను చూడడం అలవాటు చేసుకుంటున్నాను. అన్నీ అర బంతి పక్కకి జరిగినట్టుంటాయి. అలవాటైపోతుంది.

అక్టోబరు 3

మళ్ళీ బాగా ఆడింది. పొడుగాటివి కూడా పడ్డాయి. కన్ను పాడైందన్న డాక్టరమ్మ ఒక్కసారి వచ్చి చూడాలి. పాడైన కన్ను చెప్పిన లైన్లు ఇలా పడతాయా?

అయితే రిఫరీ వచ్చి, మీరు గ్రీన్ల మీద చాలా సమయం తీసుకుంటున్నారు, ఇంకోసారైతే లెక్కలో ఒక దెబ్బ కలుపుతాను అని హెచ్చరించాడు. ఎన్ని తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత మేలైన ఆట ఇది, ఒక దెబ్బ కలిస్తే కార్డు గోవిందా. కాలుగాలిన పిల్లిలా గుంట చుట్టూ తిరుగుతావెందుకు, నేను చెప్పానుగా, కొట్టెయ్యక అని లాడ్జికి వచ్చాక కేకలేశాను. ఆవిడ తడిగుడ్డతో బంతులు ఒక్కొక్కటే తుడుస్తూ కూచుంది. తుడిచినవే మళ్ళీ తుడిచింది.

అక్టోబరు 9

క్లబ్బు గ్రీన్ మీద బావమరిది సరదాగా, "నాకూ ఒక లైను చెప్పు బావా" అన్నాడు. కుడివైపు బంతంత బయటికి అన్నాను, గుర్తు చూపించాను. వాడు కొట్టింది గుంటకి బెత్తెడు దూరంలోంచి పోయింది. చెయ్యి తిప్పావన్నాను. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ అంతే. నువ్వు చూపించిన గడ్డిపరక మీంచే పోయింది కదా బావా అన్నాడు. పరక మీంచి పోతే సరా, వేగం ఉండొద్దూ? మూడోసారి వాడు నా మాట వినకుండా తన ఇష్టం వచ్చినట్టు కొట్టాడు, పడింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు.

ఆవిడ అవతల బెంచీ మీద కూచుని బూట్ల తాళ్ళు కట్టుకుంటోంది. చాలాసేపు కట్టుకుంది.

అక్టోబరు 10

వాడి చెయ్యి వంకర. అంతే.

అక్టోబరు 11

వేగం తప్పు కూడా.

అక్టోబరు 15

క్లబ్బు గ్రీన్ మీద కొళాయి దగ్గర ఒక గుంట ఉంది. నీళ్ళు పోయే దారి అటే కాబట్టి ఎటునుంచి కొట్టినా బంతి కొళాయి వైపుకే వంగుతుంది. దానికి కళ్ళక్కర్లేదు. నన్ను నిద్రలో అడిగినా చెబుతాను.

పొద్దున మేమిద్దరమే ఉన్నాం. ఆ గుంటకి ఆవిడకి లైను చెప్పాను. తప్పు లైను చెప్పాను, కావాలని. కొళాయి వైపు అంచుకి కొట్టమన్నాను. అలా కొడితే బంతి పోయి కొళాయి కాలవలో పడాలి. ఆవిడ తలూపింది. నేను చూపించిన గుర్తు చూసింది, చూసినట్టే ఉంది. బంతి వెనక అంచు చూసింది. కొట్టింది. బంతి కొళాయికి అవతలివైపు నుంచి బయల్దేరి, తీరుబడిగా వంగి గుంటలో పడింది. అప్పటిదాకా తల ఎత్తలేదు. ఎత్తి, "భలే చెప్పారండీ" అంది.

ఇంకోటి చెప్పాను, అదీ తప్పే. పడింది. భలే చెప్పారండీ అంది. ఎంతో వంగేదాన్ని తిన్నగా కొట్టమన్నాను. అదీ పడింది. ఆ మాటే మళ్ళీ అంది.

ఎండెక్కుతోందని బ్యాగు సర్దేశాను.

అక్టోబరు 16

ఏమీ లేదు.

అక్టోబరు 17

జెండా తియ్యడం, అవతలికి వెళ్ళి నీళ్ళు తాగడం, కాళ్ళు పట్టెయ్యడం. వాలు చూసుకుంటోందన్నమాట. టైల్స్ వంకరగా ఉన్నాయన్ననాడే ఆవిడకి తెలుసు. అంతకు ముందే తెలుసేమో కూడా.

ముందు కోపమొచ్చింది. తండ్రి ఒళ్ళో కూచుని స్టీరింగు పట్టుకుని తనే కారు నడుపుతున్నాననుకునే పిల్లాడికీ నాకూ తేడా ఏముంది? ఆవిడ మీద అరుద్దామని రెండుసార్లు వంటింట్లోకి వెళ్ళాను. మొదటిసారి మంచినీళ్ళు తాగి వచ్చేశాను. రెండోసారి వెళితే, "ఏంటండీ, ఆకలేస్తోందా?" అంది. లేదన్నాను. కోపం పోయాక సిగ్గేసింది, అది ఇంకా పోలేదు.

ఒకటి మాత్రం స్పష్టం. నాకు తెలియకుండా చూసుకోవాలి కాబట్టే అన్ని తిప్పలు పడి చుట్టూ తిరుగుతోంది, అందుకే ఆలస్యం, అందుకే రిఫరీ హెచ్చరిక. నేను పక్కన లేకపోతే బంతి వెనకే కూచుని దర్జాగా చూసుకుంటుంది. ఆవిడ కార్డుకి అడ్డం ఎవరయ్యా అంటే నేనే. బ్యాగు బావమరిదికి ఇచ్చెయ్యాలి. రేపు చెబుతాను.

అక్టోబరు 18

వాడికి ఒంట్లో బాలేదట. తుమ్ములు.

అక్టోబరు 20

తుమ్ములు తగ్గాయి. కానీ వాడికి తువ్వాలు తడిపి మడవడం కూడా రాదు. ఏ కర్ర ఏ వరసలో ఉంటుందో తెలీదు. నాలుగు రోజుల పోటీ. వచ్చే ఏడాది నుంచి చూద్దాం. ఈ ఒక్కసారికి నేను లైను చెప్పినా తక్కువ మాటల్లో చెబుతాను, ఆవిడకి సమయం మిగులుతుంది.

అక్టోబరు 24

మొదటి రోజు. తక్కువ మాటల్లోనే చెప్పాను. ఆవిడ తిరగడం మానలేదు. నాకు తెలుసని ఆవిడకి తెలీదు కదా.

అక్టోబరు 26

ఫరవాలేదు. రేపొక్క రోజు.

అక్టోబరు 27

ఉన్నదున్నట్టు రాస్తాను.

పన్నెండో గ్రీన్ మీద రిఫరీ వచ్చాడు. ఇకనుంచి ప్రతి దెబ్బకీ గడియారం పెడతాను, దాటితే దెబ్బ కలుస్తుంది అన్నాడు. అక్కణ్ణించి ఆవిడ జెండా జోలికి పోలేదు. నేను ఏదో ఒకటి అంటున్నాను, ఆవిడ నా భుజం మీంచి అరక్షణం చూసి కొట్టేస్తోంది. రెండు గుంట తప్పి పోయాయి. మంచి దూరంలోవి, పోవలసినవి కావు. నేను నోరు మూసుకుంటే ఏమవుతుందో అని ఒకచోట మూసుకున్నాను. వెనక్కి తిరిగి, చెప్పండి అంది. చెప్పాను.

చివరి గ్రీన్‌కి వచ్చేసరికి బోర్డు మీద లెక్క తేలిపోయింది. మిగతావాళ్ళంతా ముగించేశారు. ఈ ఒక్కటి పడితే అరవయ్యో స్థానం, పడకపోతే లేదు. రెండు మంచాలంత దూరం. గ్రీన్ మీద మూడు వాలులున్నాయి, అది పోయినేటి నుంచీ జ్ఞాపకం. ఏది ఎక్కడ మొదలవుతుందో మాత్రం నాకు కనబడ్డం లేదు. కుడి కంటికి గుంట ఒక పక్కకి కారిపోయి ఉంది. ఎడమ కంటికి ఇంకోచోట ఉంది.

రిఫరీ గడియారం పట్టుకుని అంచున నిలబడ్డాడు. ఆవిడ జెండా వైపు ఒకడుగు వేసి, అతన్ని చూసి ఆగిపోయింది. వచ్చి నా పక్కన గొంతుక్కూచుంది. ఆవిడ కళ్ళు ఎడమకి వెళ్ళాయి, కుడికి వెళ్ళాయి, మళ్ళీ ఎడమకి. పటర్ పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. ఎనిమిదేళ్ళ తర్వాత ఆ వణుకు చూశాను. భయమేసింది నాకు. ఆవిడకి రెండు లైన్లు కనబడుతున్నాయి, నేను నోరు తెరిస్తే మూడోది.

"నాకు కనబడట్లేదు. కుడి కన్ను పాడైంది. నువ్వే చూసుకో" అన్నాను.

ఆవిడ గుంట మీంచి చూపు తిప్పలేదు. "తెలుసండీ. ఏదో ఒకటి చెప్పండి, టైమవుతోంది."

"నేను చెప్పేది తప్పవుతుంది."

"అవనివ్వండి. మీ గొంతు వినపడితే నా చెయ్యి కుదురుగా ఉంటుంది. ఎటు కొట్టమంటున్నారో నేను వినడం మానేసి చాలా రోజులైంది."

రిఫరీ గడియారం వైపు చూసుకున్నాడు. నా దగ్గర లైను లేదు. తప్పుది కూడా లేదు. నోటికి వచ్చింది అనేశాను.

"మోకాళ్ళు పట్టేశాయి. త్వరగా కానివ్వు, ఇంటికి పోదాం."

ఆవిడ ముక్కుతో నవ్వింది. అలాగే అని లేచింది. నేను పక్కకి తప్పుకున్నాను. నిలబడి ఒక్కసారి గుంట వైపు చూసి, బంతి వెనక అంచు మీదికి చూపు దించింది. చెయ్యి వణకలేదు. బంతి ఎటునుంచి పోయిందో, ఎక్కడ వంగిందో నేను చూడలేదు, చూసినా తెలిసేది కాదు. పడింది. చుట్టూ జనం చప్పట్లు కొడుతుంటే కూడా ఆవిడ ఇంకా ఆ ఖాళీ జాగా వైపే చూస్తూ నిలబడింది.

నాకు ఏడుపొచ్చింది. బ్యాగు జిప్పు ఏదో ఇరుక్కున్నట్టు తల వంచుకుని ఏడ్చాను. రిఫరీ వచ్చి బాగా ఆడారు అని ఆవిడతో అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు కార్లో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళిన సంగతి, ఇంజక్షన్ల సంగతి చెప్పాను. ఇంజక్షను ఎప్పుడని అడిగింది. సెప్టెంబరులోనే మొదలుపెట్టమన్నారని చెప్పాను. అప్పుడు మాత్రం గట్టిగా తిట్టింది. ఇల్లు చేరేదాకా తిట్టింది.

అక్టోబరు 30

ఇంజక్షను అయింది. నొప్పి లేదు, వినడానికే భయం. కట్టు ఉంది, ఒంటికన్నుతో రాస్తున్నాను.

బ్యాగు బావమరిదికి ఇచ్చేశాను. తువ్వాలు తడిపి మడవడం నేర్పాను. మూడుసార్లకి వచ్చింది. గుంట వైపు చూడమని అక్కకి చెప్పకురా అంటే, చెప్పను బావా, అక్క చూసుకుంటుంది అన్నాడు. ఆవిడ ఈసారి బంతి వెనకే కూచుని తనే చూస్తుందట. చెయ్యి సంగతేమిటంటే, చూద్దాం అంది. ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు. భయపడుతోంది. నాకూ భయంగానే ఉంది. వచ్చే ఏడాదంతా నేను తాడు బయట.

ఆవిడ మందులు తేవడానికి వెళ్ళినప్పుడు రిఫరీకి ఫోన్ చేశాను. గొంతు గుర్తుపట్టాడు. తాడు బయట ఉన్న భర్త కొట్టబోయే ముందు భార్యని "త్వరగా కానివ్వు, ఇంటికి పోదాం" అంటే శిక్ష ఉంటుందా అని అడిగాను. మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాను. ఉండండి అని పుస్తకం తిరగేశాడు, పేజీల చప్పుడు వినిపించింది. చాలాసేపటికి, అది సలహా కిందికి రాదండీ అన్నాడు.